సముద్రపు తేలు మొక్కు

మా ఆయన నాకు చెప్పిన మొదటి జంతుశాస్త్ర పాఠం ఇంటిపేర్ల గురించి. దొరలు మనుషులకు ఇంటిపేరు చివర్లో తగిలిస్తారు గానీ, పురుగూ పుట్రకు పేరు పెట్టేటప్పుడు మాత్రం మన పద్ధతే పాటిస్తారట. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఇంటిపేరును పుస్తకాల్లో ప్రజాతి అంటారు, సొంత పేరును జాతి అంటారు. పెళ్లయిన కొత్తలో మద్రాసులో ఈ ముక్క చెప్పినప్పుడు నేను నవ్వేశాను. "అయితే రొయ్యలకు గోత్రాలు కూడా చూసి పెళ్లిళ్లు చేస్తారా?" అన్నాను. ఆయన కాలేజీలో పాఠం చెప్పే మనిషి, హాస్యం అర్థం కావడానికి కాస్త సమయం పట్టేది.

ఆయన ఏళ్ల తరబడి పట్టుకు వేలాడింది ఒకే ఒక ఇంటిపేరును. థలాసినా. సముద్రం ఒడ్డున, ఆటుపోట్లు వచ్చిపోయే బురదలో బొరియ తవ్వుకుని బతికే జీవి అది. ఎండ్రకాయ కాదు, రొయ్యా కాదు, రెండింటికీ నడిమి రకం. దాన్ని బతికుండగా చూసిన వాళ్లు తక్కువ. లోపల అది బురద తోడి పైకి నెడుతుంటే బయట తడిమట్టి కుప్పలు పెరుగుతాయి. పొద్దున ఒక కుప్ప ఉన్నచోట సాయంత్రానికి మూడుంటాయి, తోడినవాడు మాత్రం కనపడడు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే జాతి అని పుస్తకాలన్నీ అనేవి. ఆయన మాత్రం కాదు, ఒకే పేరు చాటున ఇద్దరు బతుకుతున్నారు, రెండోవాణ్ణి ఎవరూ గుర్తుపట్టలేదు అనేవారు. దానికి సాక్ష్యంగా ఆయన దగ్గరున్నది స్పిరిట్ సీసాలో ఒకే ఒక్క పిల్ల థలాసినా. నా మధ్యవేలంత ఉంటుంది. దాని కడుపు కింద, కాళ్ల నడుమ ఉండే పలక మీద ఒక సన్నని గట్టు, మిగతా వాటికి ఉండదు. ఆ గట్టు మీదే ఆయన ప్రాణమంతా ఉండేది.

ఇంతలో ఆయన కళ్లు పోవడం మొదలైంది. నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. వెనక్కి రాదు, నిదానంగా పోతుంది అన్నాడు. చూపు పూర్తిగా ఆరిపోయేలోగా ఆ రెండోవాడి సంగతి రాసి పంపాలని ఆయన తొందర. ఆయన చెప్పాలి, నేను రాయాలి. ఆ పిల్ల బొమ్మ పైనుంచీ పక్కనుంచీ కిందనుంచీ నేను వేయాలి. కడపలో మా నాన్న నాకు బొమ్మలు నేర్పించింది ముగ్గుల కోసం కాదులే అని ఆయన మెచ్చుకునేవారు. అదీ ఆయన మెచ్చుకోలు.

అప్పుడే యుద్ధం తూర్పు తీరానికి దగ్గరపడిందన్న పుకారుతో మద్రాసు ఖాళీ అయింది. బండ్లూ రైళ్లూ కిక్కిరిసి జనం లోపలి ఊళ్లకు పారిపోయారు. కాలేజీలో ఇలాంటి జీవాలున్న సీసాలను ఎవరికి వీలైనవి వాళ్లు పదిలంగా లోపలికి తీసుకుపొమ్మన్నారు పెద్దలు. అలా థలాసినాలు పెట్టెలో గడ్డి పరుచుకుని మాతోపాటు రైలెక్కి, కర్నూలులో దిగి, ఎద్దులబండి మీద కోడుమూరు చేరాయి. సముద్రం పేరు వినడమే గాని చూడని ఊరు అది. అక్కడ మా అత్త ఒక్కతే మట్టిమిద్దెలో ఉండేది.

అత్త మాకు ధాన్యపు గది ఇచ్చింది. కిటికీ లేదు. మిద్దెకు పైన ఒక గవాచి ఉండేది, అందులోంచి మధ్యాహ్నం పూట ఒక్క వెలుగు స్తంభం బండల మీద నిలబడేది. నేను ఆ వెలుగులో కూర్చుని బొమ్మ వేసేదాన్ని. ఆయనకు ఎండ గుచ్చుకునేది కాబట్టి చీకట్లో గోడకు ఆనుకుని కూర్చునేవారు. చూపుతో పని కావడం మానేసి, అప్పటికే వేళ్లతో చూడడం అలవాటు చేసుకున్నారు. స్పిరిట్‌లో నానినాని ఆయన వేళ్లు తెల్లగా ముడతలు పడి, వాటికీ సీసాలోని జీవాలకూ పెద్ద తేడా ఉండేది కాదు. నాకు వెలుగులో కనపడేవి ఆ వేళ్లే, మనిషి కనపడేవాడు కాదు. బయట ఊరంతా వేసవి ఎండకు తలుపులేసుకుని నిశ్శబ్దంగా ఉంటే, లోపల చీకట్లోంచి ఆ చేతులు ముందుకొచ్చి ఒక చచ్చిన దాన్ని మెల్లగా తడుముతూ ఉండేవి. నేను కట్టుకున్న మనిషే అని తెలిసి కూడా నాకు ఒళ్లు జలదరించేది.

"దీనికి కండ్లు ఎంత చిన్నవో చూసినావా?" అన్నారు ఒకరోజు. "చీకట్లో ఉండేదానికి పెద్ద కండ్లెందుకు? ఇంక నేనూ దాని ఇంటిపేరు పెట్టుకోవచ్చు."

నాకు చెడ్డ కోపం వచ్చింది. "మీకు ఉన్న ఇంటిపేరు చాలు, దాన్ని నిలబెట్టేవాడే పుట్టలేదని మీ అమ్మ రోజూ అంటాంది" అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అత్త ఆ గదిలోకి గడప దాటి వచ్చేది కాదు. మొదటి రోజు సీసాలు దించుతుంటే ఒకటి పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసి, టక్కున కింద పెట్టేసింది.

"ఏందప్పా ఇది, సారాయి నీళ్లల్లో తేళ్లు నానేసుకోనొచ్చినావు?"

"తేలు కాదమ్మా. బురదరొయ్య."

"నాకు తేలు తెలీదా? నేను పుట్టింది తేళ్ల కొండ కింద. ముందర రెండు పట్టకార్లు, యెనకాల పొడుగు తోక. ఇది తేలు కాకుంటే నేను నీ అమ్మనే కాదు."

ఆయనకు ఆ మాట తగలరాని చోట తగిలింది. ఎందుకంటే దానికి పేర్లు పెట్టిన తొలినాటి పండితుల్లో ఒకరు, ఎక్కడో చలిదేశంలో బల్ల ముందు కూర్చుని, ఎండిన కళేబరం ఒకటి చూసి, దాన్ని తేలుతో పోల్చే పేరు పెట్టారట. ఆ పేరు వినపడితే ఆయనకు మంట. తేలు వేరు, ఇది వేరు, తోక కొసన కొండి ఉంటే తేలు, దీనికి విసనకర్రలాంటి రెక్కలుంటాయి అని గంటసేపు చెప్పారు. అంతా విని అత్త, "సముద్రపు తేలు" అని తేల్చేసి పొయ్యి దగ్గరికి పోయింది.

తేళ్ల కొండ అంటే కోడుమూరుకు ఆనుకుని ఉన్న రాతికొండే. శ్రావణంలో ఒక సోమవారం జనం కొండెక్కి, రాళ్లు తిరగేసి, దొరికిన తేలును ఉత్త చేత్తో పట్టుకుని పైనున్న సామికి సమర్పిస్తారు. పిల్లలు అరచేతుల మీద పాకించుకుంటారు. నాలుక మీద పెట్టుకునేవాళ్లను కూడా నేను కళ్లారా చూశాను. ఆ ఒక్కరోజు తేళ్లు కుట్టవని నమ్మకం. మర్నాటి నుంచి కొండ మామూలు కొండే, తేళ్లు మామూలు తేళ్లే.

మేము వచ్చిన కొన్నాళ్లకు పెరట్లో మట్టి కుప్పలు మొదలయ్యాయి. ధాన్యపు గది గోడ వారగా, చిన్న చిన్నవి, పొద్దున ఊడ్చేటప్పుడు ఉండేవి. పందికొక్కులు అనుకున్నాను. కానీ ఒకటి చేత్తో నలిపి చూస్తే అది తడిగా ఉంది. ఆ ఏడు వానల్లేక నేలంతా నెర్రెలిచ్చి, బావి అడుగంటి, ఇంటింటికీ నీళ్లకు కటకట. చెంబెడు నీళ్లు పైకి రాని నేలలోంచి ఆ బురద ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. ఆయనతో చెప్తే నమ్మలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం గదిలోకి వెళ్లేసరికి ఆయన బోర్లా పడుకుని బండకు చెవి ఆనించి ఉన్నారు. పడిపోయారనుకుని పరిగెత్తాను.

"ఉష్" అన్నారు. "కింద ఏదో తోడుతాండాది. విను."

నేను కూడా చెవి ఆనించాను. బండ చల్లగా ఉంది. నాకు ఏమీ వినపడలేదని చెప్పాను. అబద్ధం చెప్పలేదు, కానీ పూర్తిగా నిజం చెప్పానని కూడా అనుకోను.

అత్త ఆ కుప్పలను రోజూ చీపురుతో చదును చేసేది, నోరెత్తేది కాదు. ఆమె లెక్క ఆమెకుంది. ఆ సముద్రపు తేలు చేతికి దొరికిన నాటి నుంచే కొడుకు కళ్లు మసకబారాయి. ఇప్పుడది ఇంటి కిందికి కూడా బొరియ తవ్వుతోంది. తేలు ఏదైనా తేళ్ల సామిదే. సామి సొత్తును సీసాలో బంధించి పెట్టుకుంటే కళ్లు పోక ఏం చేస్తాయి? ఇదంతా మాకు ఆమె తర్వాత చెప్పింది. ముందే చెప్పి ఉంటే మేము ఏం చేసేవాళ్లమో నాకు తెలుసు. నవ్వేవాళ్లం.

శ్రావణ సోమవారం పొద్దున అత్త తలంటి పోసుకుని, వీధి చివరి బండి సాయిబును పిలిపించింది. వరసకు ఆయన మా ఆయనకు మామ. తరతరాలుగా రెండిళ్లకూ ఆ వరస నడుస్తోంది. మోకాళ్లు బాగాలేవు, కొండెందుకు అత్తా అంటే, "మొక్కు ఉండాది" అంది. చీర కొంగు కింద ఏదో గట్టిగా పట్టుకుని బండెక్కింది. టెంకాయ అనుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చి, తేలు కుట్టిన దొంగలా గోడవార కూర్చుండిపోయింది. కాళ్లు నొప్పులేమో అని నీళ్లు కాచి పోశాను. చూడబోతే నేనే వెర్రిదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం. బొమ్మలో పైభాగం, పక్కభాగం అయిపోయాయి. అడుగుభాగం, ఆ గట్టు ఉన్న పలక, ఆరోజు వేయాలి. ఆ పిల్లను ఆయన విడిగా పెట్టుకున్న చిన్న సీసా మూత తీసి వేళ్లు లోపలికి పెట్టారు. వేళ్లు తిరిగాయి. ఇంకా లోపలికి పోయి అడుగును తడిమాయి. వెలుగు స్తంభంలో నాకు అంతా స్పష్టంగా కనపడుతోంది, సీసాలో స్పిరిట్ తప్ప ఇంకేమీ లేదు. ఆయన చెయ్యి మాత్రం ఆగకుండా అందులో తిరుగుతూనే ఉంది, ఒక మూల వదిలి ఇంకో మూల. గాజు అవతల ఆ తెల్లటి వేళ్లు కదులుతుంటే నేను పెన్సిలు కింద పెట్టేశాను.

"ఏమే, యాడుండాది?" అన్నారు చివరికి. ఆయనకు మిగిలి ఉన్న కాస్త పట్నం భాష కూడా జారిపోయింది.

గడప దగ్గర్నుంచి అత్త గొంతు వినపడింది. "సామి దగ్గర ఉండాది నాయనా. నేనే ఇచ్చొచ్చినా. ఇంక నీ కండ్లు నీకొస్తాయి."

ఆయన కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. సీసాకు మూత బిగించి, దాన్ని వెనక్కి నెట్టి, చేతులు తుడుచుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఆ తిరగడంలోనే అత్తకు అంతా అర్థమైపోయింది. కొడుకు కళ్లు తెస్తాననుకుని, ఉన్న కళ్లు కూడా తానే పీకేసిందని. నాకు ఆమె మీద పీకలదాకా కోపం. పట్టుకుని కుదిపేద్దామనుకున్నాను. కానీ రెండో రోజుకే కోపం నిలవలేదు, ఎందుకంటే ఆమె తినడం మానేసింది. కంచం ముందు కూర్చునేది, ముద్ద కలిపేది, లేచిపోయేది. ఆయనే పోయి "నాకేం కోపం లేదమ్మా, తిను" అన్నారు. ఆ గొంతు విని ఆమె ఇంకా చిక్కిపోయింది. పెరట్లో కుప్పలు కూడా ఆ సోమవారంతో ఆగిపోయాయి. ఊడ్చడానికి ఏమీ లేక ఆమె ఉత్త నేల మీద చీపురు ఆడిస్తూ నిలబడేది.

వారం తిరిగేసరికి ఆమె లేచి నడిస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన సాయిబును పిలిపించారు. "మామా, బండి కట్టు. కొండకు పోదాం. అమ్మ యాడ పెట్టిందో చూపిస్తాది, వెతుకుదాం."

"ఏమప్పా, మతి ఉండే మాట్లాడతాండావా? పండగ అయిపాయె. ఇప్పుడు ఆడ తేలు తేలే, కుడితే సస్తావు. కండ్లు కనపడనోనివి."

"నా మతి బాగుండాది. కట్టు మామా."

నడిమధ్యాహ్నానికి కొండ మీదికి చేరాం. పండుగ నాడు నేల ఈనినట్టు జనం ఉండే చోట ఒక్క మనిషి లేడు. గాలి కూడా లేదు. సామి ముందు వాడిన పూలు, టెంకాయ చిప్పలు, వాటి మధ్య చీమల బారులు. తిరగేసిన రాళ్లు తిరగేసినట్టే పడి ఉన్నాయి, మట్టి అంటిన పక్క పైకి పెట్టుకుని. ఎక్కడ చూసినా ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిపోయినట్టు ఉంది. అత్తను సాయిబు ఎత్తుకున్నట్టుగా తెచ్చి కూర్చోబెట్టాడు. ఆమె ఒక పెద్ద రాయి మొదలు చూపించి, "ఈడ్నే పెట్టినా. సామి చూపు పడే కాడ" అంది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక పక్క నుంచి తడమడం మొదలుపెట్టారు. వద్దండీ అని చెయ్యి పట్టుకుంటే విదిలించారు. నేను రెండో పక్క నుంచి పుల్లతో పూలచెత్త కదిపి చూశాను. నాకే ముందు దొరికింది. దొరికింది అంటే, చీమలు వదిలేసిన ఒక్క పట్టకారు చెయ్యి. గోటి కంటే కాస్త పెద్దది, ఎండి బోలుగా అయిపోయింది. పలక లేదు, గట్టు లేదు. ఆ ఒక్క చేతితో ఏ పండితుణ్ణీ నమ్మించలేం. దాన్ని కొంగు ముడిలో వేసుకుని, ఎలా చెప్పాలా అని చూస్తున్నాను.

"దొరికింది!" అని కేకేశారు ఆయన. "అమ్మా, దొరికింది! యాటికీ పోలేదు, ఈడ్నే ఉండాది!"

అత్త నవ్వింది. వారం రోజులుగా మూసుకున్న నోరు తెరిచి, ఏడుపుతో కలిసిపోయేలా పెద్దగా నవ్వింది. ఆ నవ్వు వింటూ నేను ఆయన అరచేతి వైపు చూశాను.

అక్కడున్నది నల్లటి కొండతేలు. బతికున్నది. ఎంత కదలకుండా ఉందంటే చచ్చిందనే అనుకునేదాన్ని, నోటి దగ్గరి చిన్న కాళ్లు రెండూ మెల్లగా ఆడుతూ ఉండకపోతే. ఆయన రెండో చేతి వేళ్లు, సీసాలోని వాటిని తడిమినట్టే, దాని పట్టకార్ల మీదుగా, వీపు మీదుగా, ఒక్కొక్క కణుపు దాటుకుంటూ తోక వైపు పోతున్నాయి. అరిస్తే ఆయన ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడితే అది కుడుతుంది. సాయిబు చేతులు జోడించాడు, ఏ దేవుడికో నాకు తెలియదు. వేలు తోక కొస దాకా పోయి అక్కడ ఆగింది. చాలాసేపు ఆగింది.

అత్త నవ్వు కూడా ఆగింది. ఇప్పుడు ఆమె కూడా చూసింది. నా వైపు తిరిగింది. నూరేళ్ల మనిషిలా ఉంది ఆ మొహం.

"అదేనా అమ్మా?" అన్నారు ఆయన, మెల్లగా.

"అదే నాయనా" అంది అత్త. గొంతు వణకలేదు. "అదే. సామికిచ్చింది మల్ల తీసుకోగూడదు. యాడ్నుంచి తీసినావో ఆడ్నే పెట్టు. నిదానంగా."

ఆయన ఒంగి అరచేతిని నేలకు ఆనించారు. తేలు కాసేపు అలాగే ఉండి, తర్వాత వేళ్ల మీదుగా దిగి, రాయి కిందికి పోయింది. ఆయన లేచి చెయ్యి పంచకు తుడుచుకున్నారు. "సరే. సామికి ఇచ్చినట్టే. ఇంక ఇంటికి పోదాం. అమ్మకు ఆకలిగా ఉంటాది" అన్నారు.

తిరుగు దారిలో సాయిబు ఇచ్చిన జొన్నరొట్టె అత్త మొత్తం తినేసింది. తిని, గడ్డి మీద ఒరిగి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఎద్దుల మెడలో గంటలు తప్ప ఇంకేం వినపడడం లేదు.

"బొమ్మ అడుగుభాగం వేయద్దులే" అన్నారు ఆయన నాతో, గొంతు తగ్గించి. "తోక కొసన కొండి ఉండె."

"తెలిసే పట్టుకున్నారా?"

"లేదు. మొదట నిజంగా అదే అనుకున్నా. వేలు తోక చివరికి పోయేసరికి అమ్మ అప్పటికే నవ్వేసింది. ఆ నవ్వు విన్నాక ఇంకేం చెప్పేది?" మళ్లీ కాసేపటికి అన్నారు. "అది ఎందుకు కుట్టలేదో తెలీదు. కొండి నా వేలికి ఆనుకునే ఉండె. నేను దించేదాకా."

నేను కొంగు ముడి విప్పి, ఆ ఎండిన పట్టకారును ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో ఒక్కసారి అటూ ఇటూ రాసి చూశారు.

"ఇది అదే. కుడి చెయ్యి" అన్నారు. తర్వాత దాన్ని నా చేతిలో పెట్టి, నా వేళ్లు ముడిచారు. "అమ్మ చూడకుండా ముడేసుకో."